జనరల్ ఇన్సూరెన్స్‌లో ఉద్యోగం: నిబంధనలు మారుతున్నాయని వెనకాడాలా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. ఒక ప్రైవేటు జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ మోటారు క్లెయిముల విభాగంలో ట్రైనీగా తీసుకుంటామని చెప్పింది. ‘ఇంజినీరింగ్ చదివి పాలసీలు అమ్ముకుంటుందా’ అని బంధువులు అంటున్నారు. విదేశీ పెట్టుబడి నూరు శాతమని, జీఎస్టీ మారిందని, క్లెయిముల నిబంధనలు మారాయని పత్రికల్లో రోజుకో వార్త వస్తోంది. ఇంత నిలకడ లేని రంగంలోకి పిల్లను పంపవచ్చా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ బంధువుల మనసులో ఉన్నది ఇంటింటికీ తిరిగే జీవిత బీమా ఏజెంటు. మీ అమ్మాయికి వచ్చిన అవకాశం దానికి పూర్తిగా భిన్నమైనది. వాహనాలు, ఇళ్లు, ఫ్యాక్టరీలు, రవాణాలో ఉన్న సరుకు, ఇతరులకు జరిగే నష్టానికి బాధ్యత వంటివాటికి బీమా ఇచ్చేది జనరల్ ఇన్సూరెన్స్. అందులో క్లెయిముల విభాగం పని పాలసీలు అమ్మడం కాదు, జరిగిన నష్టాన్ని లెక్క కట్టడం. అయితే ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. నియామక పత్రంలో హోదా ఏమని రాశారు, వ్యాపార లక్ష్యాలేమైనా పెట్టారా, జీతం కంపెనీయే ఇస్తుందా లేక మధ్యలో మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ ఇస్తుందా అన్నవి చేరకముందే లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ‘ట్రైనీ’ అన్న మాట కింద చాలా సంగతులు దాగి ఉంటాయి.

ఈ పనిలో ఇంజినీరింగ్ చదువు ఎక్కడ ఉపయోగపడుతుందో చెప్పడానికి మీకు దూరం కాని ఉదాహరణే ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సెల్లార్లలోనూ వీధుల్లోనూ కార్లు, ద్విచక్ర వాహనాలు రోజుల తరబడి నీటిలో నానాయి. అలాంటి కారు వర్క్‌షాపుకు వచ్చినప్పుడు నష్టం చూసే వ్యక్తి ముందుగా డోరు ప్యాడ్ల మీద, సీట్ల మీద బురద చార ఏ ఎత్తున ఉందో గమనిస్తాడు. తర్వాత ఎయిర్ ఫిల్టర్ తడిసిందా, ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) తీస్తే ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారిందా అని చూస్తాడు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. నిలిపి ఉంచిన కారు మునిగితే ఆ నష్టం సాధారణ సమగ్ర పాలసీ కిందికి వస్తుంది. కానీ నీళ్లలో ఉన్న కారును యజమాని స్టార్ట్ చేయబోతే సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా కుదించుకుపోదు కనుక పిస్టన్‌ను కదిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ ఇంజిన్ నష్టాన్ని, విడిగా ఇంజిన్ రక్షణ యాడ్ఆన్ (అదనపు ప్రీమియంతో కొనుక్కునే రక్షణ) తీసుకుని ఉంటే తప్ప, కంపెనీలు సాధారణంగా చెల్లించవు. కారు యజమానికి ఈ తేడా వేలల్లో కాదు, లక్షల్లో ఉండవచ్చు. రాడ్ ఎందుకు వంగిందో చెప్పగలిగేది మెకానికల్ చదివినవారే.

లెక్క అంతటితో తీరదు. తరుగుదల కోయకుండా చేసే జీరో డిప్రిసియేషన్ యాడ్ఆన్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల విలువలో సగం తరుగుదల కింద కోస్తారు. మరమ్మతు ఖర్చు పాలసీలో ప్రకటించిన విలువలో 75 శాతం దాటితే వాహనాన్ని పూర్తి నష్టంగా పరిగణిస్తారు. ఈ లెక్కలను ఏడుపు ముఖంతో నిలబడిన మనిషికి ఓపికగా విడమరచి చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమే. మీ అమ్మాయికి ఆ ఓపిక ఉందో లేదో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇక మిమ్మల్ని కలవరపెడుతున్న వార్తల సంగతి. అన్నీ ఒక గాటన కట్టదగినవి కావు. మీ అమ్మాయి రోజువారీ పనిని నేరుగా మార్చింది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్ 11న జనరల్ ఇన్సూరెన్స్ మీద విడుదల చేసిన మాస్టర్ సర్క్యులర్. దాని ప్రకారం క్లెయిము అందిన 24 గంటల్లో నష్టాన్ని అంచనా వేసే సర్వేయరును నియమించాలి, నియమించిన 15 రోజుల్లో నివేదిక రావాలి, నివేదిక వచ్చిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. కాగితాలు లేవన్న సాకుతో క్లెయిమును తోసిపుచ్చకూడదు. అవసరమైన పత్రాలు పాలసీ ఇచ్చేటప్పుడే అడిగి తీసుకోవాలి. పాలసీదారుకు ఇది ఊరట, క్లెయిముల బల్ల వద్ద కూర్చున్నవారికి మాత్రం గడియారంతో పరుగు. వరదలప్పుడు ఒక్కసారిగా వచ్చిపడే క్లెయిములను ఈ గడువుల్లో తేల్చాలంటే నష్టం చూడగలిగినవారు, చూసినదాన్ని స్పష్టంగా రాయగలిగినవారు కావాలి. నిబంధన కఠినమైన కొద్దీ ఇలాంటివారి అవసరం పెరుగుతుందన్నది నా అభిప్రాయం.

విదేశీ పెట్టుబడి పరిమితి ప్రైవేటు కంపెనీలు వచ్చిన తొలినాళ్లలో 26 శాతం. అది 2015లో 49కి, 2021లో 74కి పెరిగింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టం దాన్ని నూరు శాతానికి తెచ్చింది. ఇది యాజమాన్యానికి సంబంధించిన మార్పు, ట్రైనీ కుర్చీని కదిలించేది కాదు. జీఎస్టీ విషయానికి వస్తే 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా పాలసీలకే పన్ను తొలగింది, కార్లు, ద్విచక్ర వాహనాల బీమా మీద 18 శాతం అలాగే ఉంది.

నేను నిజంగా గమనించమనేది పత్రికలు పెద్దగా పట్టించుకోని మరో సంగతి. జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల నిర్వహణ ఖర్చు, కమీషన్లతో కలిపి, స్థూల ప్రీమియంలో 30 శాతం మించకూడదని ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనలు చెబుతున్నాయి. ఏజెంట్లకు, డీలర్లకు ధారాళంగా కమీషన్లు ఇచ్చే కంపెనీ ఆ పరిమితిలో ఉండడానికి ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించుకోక తప్పదు, చాలాసార్లు ఆ కత్తెర సిబ్బంది మీదే పడుతుంది. అందువల్ల చేరబోయే కంపెనీ వెబ్‌సైటులో ఉండే పబ్లిక్ డిస్‌క్లోజర్లలో (అందరికీ వెల్లడించే లెక్కల్లో) ఖర్చుల నిష్పత్తి, క్లెయిములు చెల్లించగల ఆర్థిక స్తోమతను చూపే సాల్వెన్సీ నిష్పత్తి చూడండి. రెండోది 1.5కు తగ్గకూడదన్నది నియమం.

రెండేళ్లు ఈ బల్ల వద్ద పని నేర్చుకున్నాక సర్వేయరు లైసెన్సు గురించి ఆలోచించవచ్చు. ఇంజినీరింగ్ డిగ్రీ దానికి అర్హతే. అనుభవజ్ఞుడైన సర్వేయరు దగ్గర ఏడాది శిక్షణ పొంది, నిర్ణీత పరీక్ష ఉత్తీర్ణులయ్యాక ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఇస్తుంది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. మోటారులో 50 వేలు, ఇతర నష్టాల్లో లక్ష రూపాయలు, ఆ పైన ఉండే క్లెయిములకు సర్వేయరు నివేదిక ఉండాలన్నది ఈ వృత్తికి ఆధారం. సర్వేయరుకు వచ్చేది ఫీజే తప్ప నెల జీతం కాదు. మొదటి మూడు నాలుగేళ్లు రాబడి ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక ఇంటి బాధ్యతలున్న పిల్లలకు ఉద్యోగం వెంటనే వదలమని నేను చెప్పను. ప్రభుత్వ రంగంలోని నాలుగు జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల్లో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ నోటిఫికేషన్ వస్తే, ఉద్యోగంలో ఉంటూనే ఆ పరీక్ష రాయడం వివేకం.

ఒప్పుకునే ముందు మీ ఇంట్లోని స్కూటరు పాలసీని ఆమె చేతిలో పెట్టండి. అందులో థర్డ్ పార్టీ (ఇతరులకు జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఒకే మొత్తం ఎందుకు ఉంటుందో, సొంత వాహనం నష్టానికి కట్టే ప్రీమియం కంపెనీకో తీరుగా ఎందుకు ఉంటుందో తనంతట తాను వెతికి మీకు చెప్పమనండి. మొదటిది కేంద్ర రవాణా శాఖ నోటిఫై చేసే ధర, రెండోదాన్ని 2007 నుంచి కంపెనీలకే వదిలేశారు. ఇంత చిన్న ప్రశ్న వెంట ఒక సాయంత్రం ఇష్టంగా తిరగగలిగితే ఆ ఉద్యోగంలో చేర్పించండి. అరగంటకే విసుక్కుంటే ఇంకో అవకాశం చూసుకోవడం మేలు.