పీహెచ్‌డీ సీటు రాలేదు... ఇంట్లో పెళ్లి మాటలు

ప్రశ్న: ఎంఏ పొలిటికల్ సైన్స్ చేశాను. అమెరికాలో పీహెచ్‌డీకి ఎనిమిది యూనివర్సిటీలకు అప్లై చేస్తే అన్నీ రిజెక్ట్ చేశాయి. ‘ఎంఎస్ అయితే లోను తీసైనా పంపేవాణ్ణి, ఇదేం చదువు’ అంటున్నారు నాన్న. సంబంధాలు చూస్తున్నారు. నాకే తెలివి లేదేమోనని భయంగా ఉంది. మళ్లీ ప్రయత్నించనా? ఏం పరిశోధించాలనుకుంటున్నానో రాసిన స్టేట్‌మెంట్, యూనివర్సిటీల జాబితా పంపుతున్నాను.
– ఒక సోదరి, కరీంనగర్

జవాబు: మీ స్టేట్‌మెంట్ శ్రద్ధగా చదివానమ్మా. రాసిన అమ్మాయికి తెలివి లేదని ఎక్కడా అనిపించలేదు. కానీ మొదటి పేజీ అంతా తాతగారితో కూర్చుని ఎన్నికల ఫలితాలు చూడటం, రాజకీయాలంటే ఇష్టం, సమాజసేవ... వీటితోనే నిండిపోయింది. అసలు విషయం చివరి పేరాలో ఉంది. మహిళలకు రిజర్వ్ అయిన పంచాయతీల్లో చాలాచోట్ల భర్తలదే పెత్తనం కదా, మరి కొందరు సర్పంచులు కొన్నాళ్లకు తామే నిర్ణయాలు తీసుకోవడం ఎలా మొదలుపెట్టారు? ఎంఏలో రాసిన పరిశోధన వ్యాసం, అదే డిసర్టేషన్ కోసం ఊళ్లు తిరిగి మీరు అడిగిన ఈ ప్రశ్నే మీ బలం. దాన్ని మొదటి పేరాలోకి తెచ్చేయండి. రాఘవేంద్ర ఛటోపాధ్యాయ్, ఆర్థికవేత్త ఎస్తర్ డఫ్లో కలిసి 2004లో ప్రచురించిన పరిశోధన మీకు తెలిసే ఉంటుంది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో మహిళలు నడిపిన పంచాయతీలు తాగునీటి పనులపై ఎక్కువ శ్రద్ధ పెట్టాయని అందులో తేలింది. దాని తర్వాత ఇంకా తేలనిదేమిటి, అందులో మీరు ఏం కనుక్కుంటారు? సీట్లిచ్చే ప్రొఫెసర్లు వెతికేది ఇదే. అప్లికేషన్‌తో పంపే వ్యాసం కూడా ఆ డిసర్టేషన్‌లోంచే తీయండి.

చేర్చుకున్న ప్రతి విద్యార్థికీ సాధారణంగా ఐదేళ్లపాటు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇవ్వాలి కాబట్టి అక్కడ సీట్లు చాలా తక్కువ. 2025లో కొన్ని పెద్ద యూనివర్సిటీలు వాటిని ఇంకా తగ్గించాయి. మీ విషయం మీద పనిచేసే ప్రొఫెసర్ లేనిచోట ఎంత మంచి అప్లికేషనైనా పక్కకు పోతుంది. మీ జాబితాలో పేరు చూసి ఎంచుకున్నవే ఎక్కువ కనిపిస్తున్నాయి. ఈసారి దక్షిణాసియా రాజకీయాలపై పనిచేసేవాళ్లు కనీసం ఇద్దరున్న డిపార్ట్‌మెంట్లకే పెట్టండి. ఒక్కరినే నమ్ముకుంటే, వాళ్లు వేరే చోటికి వెళ్లిపోతే చిక్కు. ఒక్కో అప్లికేషన్‌కు దాదాపు వంద డాలర్లవుతుంది. ఫీజు మినహాయింపు అడిగితే కొన్ని యూనివర్సిటీలు ఇస్తాయి, మొహమాటపడకండి. సిఫారసు లేఖలు నవంబరు చివర్లో అడిగానన్నారు. సెప్టెంబరులోనే అడిగి, మీ డిసర్టేషన్ కాపీ వాళ్ల చేతికివ్వండి. హడావిడిగా రాసిన లేఖలో ‘కష్టపడే విద్యార్థిని’ అన్న మాట తప్ప ఏమీ ఉండదు.

ఇక నాన్నగారు. ఆయన ఎంఎస్ లెక్కలోనే దీన్నీ చూస్తున్నారు, లక్షల అప్పు అనుకుంటున్నారు. ఏదైనా ఒక డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఫండింగ్ పేజీ తెరిచి, పక్కన కూర్చుని తెలుగులో చదివి చెప్పండి. కష్టాలు కూడా దాచొద్దు: ఆరేళ్లయినా పట్టొచ్చు, తర్వాత ప్రొఫెసర్ ఉద్యోగం దొరకడం తేలిక కాదు. ఇవన్నీ తెలిసే అడుగుతున్నారని ఆయనకు అర్థం కావాలి.

ఈలోగా యూజీసీ నెట్ పరీక్ష రాయండి. అందులో మంచి మార్కులతో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలాంటి చోట్లా ఇదే ప్రశ్న మీద పనిచేయొచ్చు, పైగా మీ ఊళ్లు దగ్గర. దీన్ని రెండో రకం చదువు అనుకోకండి. గ్రూప్స్ కోచింగ్ మాత్రం దీంతోపాటు పెట్టుకోవద్దు, రెండూ చెడతాయి.

‘తర్వాత చూద్దాం’ అంటే ఇంట్లో ఎవరూ ఆగరు, తేదీ చెప్పాలి. అప్లికేషన్ల గడువు ఎక్కువగా డిసెంబరు, జనవరి మొదట్లో ముగుస్తుంది. సీటిచ్చిన చోటికి చాలావరకు ఏప్రిల్ 15లోగా జవాబివ్వాలి. వచ్చే ఏప్రిల్ 15 వరకు సంబంధాలు ఆపమని నాన్నగారిని అడగండి. ముందు అమ్మతో మాట్లాడి, ఆమెను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.