ఇమ్యూన్ జీన్ల టూల్స్ నేర్చుకోవడానికి 60 వేలు కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ మొదటి ఏడాది చదువుతోంది. ఇమ్యునాలజీ అంటే ప్రాణం, కోడింగ్ మాత్రం రాదు. రోగనిరోధక స్పందనతో సంబంధమున్న జీన్లను సాఫ్ట్‌వేర్‌తో పట్టుకోవడం నేర్పుతామని ఒక సంస్థ ఆరు నెలల కోర్సుకు 60 వేలు అడుగుతోంది. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. ఈ పనిలో రోజూ వాడే ఆర్ (గణాంకాల ప్రోగ్రామింగ్ భాష), బయోకండక్టర్ (జీవశాస్త్ర డేటా కోసం ఆర్‌లో రాసిన ప్యాకేజీల సంగ్రహం), డీసెక్2 (రెండు గుంపుల మధ్య ఏ జీన్ల పని పెరిగిందో, తగ్గిందో లెక్కగట్టే ప్యాకేజీ) అన్నీ ఉచితం. ముందు మూడు నెలలు ఇంట్లో కూర్చుని చేయమనండి. అప్పటికీ ఎక్కడైనా ఆగిపోతే, ఆ ఒక్క విషయం నేర్పేవాళ్లకు డబ్బు కట్టొచ్చు.

మొదటి నెల ఆర్ మాత్రమే: టేబుల్ తెరవడం, వడకట్టడం, గ్రాఫ్ గీయడం. ఆ తర్వాత బయోకండక్టర్‌లోని 'ఎయిర్‌వే' డేటా తీసుకోవాలి. నలుగురు దాతల శ్వాసనాళ కండర కణాలు, ఒక్కొక్కరివి డెక్సామెథసోన్ పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి, మొత్తం 8 శాంపిళ్లు. వాపును, రోగనిరోధక స్పందనను అణచే స్టెరాయిడ్ అది. రోగనిరోధక స్పందనను నడిపే సంకేత ప్రోటీన్లైన సైటోకైన్ల పనిని మార్చే క్రిస్ప్‌ఎల్‌డీ2 అనే జీన్ ఈ ప్రయోగంలోనే బయటపడింది, 2014లో. కౌంట్లు (ఒక్కో జీన్‌కు ఎన్ని సీక్వెన్సు ముక్కలు దొరికాయన్న లెక్క) సిద్ధంగా ఉంటాయి కాబట్టి 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ చాలు. ముడి సీక్వెన్సులను స్టార్ టూల్‌తో మానవ జీనోమ్‌పై అమర్చాలంటే 30 జీబీ దాకా కావాలి. ఆ పని తర్వాత గెలాక్సీ అనే ఉచిత ఆన్‌లైన్ సర్వర్ మీద చేసుకోవచ్చు.

అసలు చదువు తప్పుల దగ్గరే ఉంది. ఈ డేటాలో మందు పెట్టిన శాంపిళ్ల పేరు 'టీఆర్‌టీ', పెట్టనివాటి పేరు 'యూఎన్‌టీఆర్‌టీ'. ఆర్ అక్షరక్రమంలో ముందున్నదాన్నే ఆధారంగా తీసుకుంటుంది. చూసుకోకపోతే పెరిగిన జీన్లన్నీ తగ్గినట్టు వస్తాయి. క్రిస్ప్‌ఎల్‌డీ2 పక్కన మైనస్ కనిపించిందంటే జరిగింది అదే. 'రీలెవెల్' చేసి, అంటే 'యూఎన్‌టీఆర్‌టీ'ని ఆధారంగా పెట్టి, మళ్లీ నడపాలి. డిజైన్‌లో (ఏయే తేడాలను లెక్కలోకి తీసుకోవాలో డీసెక్2కి చెప్పే సూత్రం) మందుతో పాటు దాతను కూడా చేర్చాలి, లేదంటే మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో మందు ప్రభావం మునిగిపోతుంది. డీసెక్2కి ముడి కౌంట్లే ఇవ్వాలి, టీపీఎమ్ (జీన్ పొడవును, మొత్తం సీక్వెన్సులను బట్టి ముందే సవరించిన విలువలు) ఇవ్వకూడదు. మామూలు పీ-విలువ (నిజానికి మార్పు లేకున్నా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.05ను నమ్మితే 20,000 జీన్లలో వెయ్యి దాకా యాదృచ్ఛికంగానే దాటేస్తాయి; అందుకే ఇన్ని జీన్లను ఒకేసారి పరీక్షించినందుకు సవరించిన పీ-విలువ చూడాలి.

రక్తం శాంపిళ్లకు వెళ్లినప్పుడు ఇంకో చిక్కు. ఇన్‌ఫెక్షన్‌లో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) సంఖ్య పెరిగితే వాటి జీన్లన్నీ పెరిగినట్టే కనిపిస్తాయి. ఒక్కో కణంలో జీన్ మారిందా, కణాల పాళ్లే మారాయా? ఇంటర్వ్యూలో నేనైతే ముందు అడిగే ప్రశ్న ఇదే. బటన్లు నొక్కడం నేర్చుకున్నవాళ్లు ఇక్కడే తడబడతారు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి పరిశోధనా సంస్థల్లో ప్రాజెక్టుకు రాసేటప్పుడు సర్టిఫికెట్ కన్నా, ఈ 8 శాంపిళ్ల కోడ్‌ను కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టి లింక్ పంపడం మేలు. ఏ జీన్‌ను ఎందుకు ఉంచిందో, ఎందుకు తీసేసిందో ఒక పేజీలో, తన మాటల్లో రాసి జత చేయమనండి.