సైన్⁻¹(0.5)కు 30 బదులు 2.09 ఎందుకు వస్తోంది?
సైన్ పైనున్న −1ని మీరు ఘాతాంకంగా తీసుకొని, 1/సైన్(0.5) విలువను రేడియన్లలో లెక్కించడం వల్లనే 2.09 వచ్చింది. ఇక్కడ −1 విలోమ ప్రమేయానికి గుర్తు; ఏ కోణానికి సైన్ విలువ 0.5 అవుతుందన్నదే ప్రశ్న.

ఈ సంకేతం నిజంగానే పొరపాటుకు తావిస్తుంది. 1813లో దీన్ని ప్రవేశపెట్టిన ఇంగ్లీషు గణితవేత్త జాన్ హెర్షెల్, సైన్² అంటే సైన్‌కు మళ్ళీ సైన్ తీయడమే కావాలని వాదించాడు. సైన్² గురించిన ఆ వాదన వాడుకలోకి రాలేదు కనుక, 2 ఉంటే వర్గమనీ −1 ఉంటే విలోమమనీ చదవవలసి వస్తోంది.

1. −1 సైన్‌కు ఆనుకొని ఉంటే విలోమం. (సైన్ 0.5)⁻¹ అని కుండలీకరణం బయట ఉంటే వ్యుత్క్రమం (1/సైన్ 0.5), అంటే కోసీకెంట్.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: వచ్చిన జవాబుకు తిరిగి సైన్ తీసి చూడండి. సైన్ 30° సరిగ్గా 0.5 అవుతుంది, 2.09 రేడియన్లకు మాత్రం సుమారు 0.87 వస్తుంది కాబట్టి అది జవాబు కాదని అక్కడే తేలిపోతుంది.

3. 150°కి కూడా సైన్ 0.5 అయినా, ప్రధాన విలువ −90° నుంచి 90° లోపలే ఉండాలి కనుక జవాబు 30°. పుస్తకంలో జవాబు π/6 అని ఉంటే, అది అదే కోణానికి రేడియన్ రూపం.

మీ నోట్సులో సైన్⁻¹ బదులు ఆర్క్‌సైన్ అని రాసుకోండి. దానికి రెండో అర్థం లేదు.