టెన్నిస్ ప్రశ్నలు – జవాబులు: ఓడితే ఎక్కడికి?

2025 నవంబరులో బెంగళూరులో మన అమ్మాయిల జట్టు బిల్లీ జీన్ కింగ్ కప్ (దేశాల మహిళా జట్ల మధ్య జరిగే టెన్నిస్ పోటీ) ప్లేఆఫ్‌లో ఓడింది. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ పైకి ఎక్కడం, కిందికి దిగడం గురించే. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దానికే. చదివేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి: రెండు దేశాల మధ్య జరిగే మొత్తం పోరును టై అంటారు, అందులో విడివిడిగా ఆడేవి మ్యాచ్‌లు.

ప్రశ్న: ఏప్రిల్‌లో పుణెలో గెలిచి పైకి వెళ్లామన్నారు. నవంబరులో కిందికి దిగామన్నారు. మధ్యలో పైన ఎప్పుడున్నాం? (కాకినాడ పాఠకుడు)

లేమండీ. పుణెలో జరిగింది ఆసియా/ఓసియానియా గ్రూప్-1, అంటే మన జోన్ (ప్రాంతీయ విభాగం) పోటీ. ఆరు జట్లు ఒకదానితో ఒకటి ఆడతాయి. మొదటి రెండూ ప్లేఆఫ్‌కి, చివరి రెండూ గ్రూప్-2కి వెళ్తాయి. చివరి రోజు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి, న్యూజిలాండ్ వెనక రెండో స్థానంలో నిలిచాం. మన హైదరాబాదీ శ్రీవల్లి భమిడిపాటి ఆడిన అయిదు సింగిల్స్‌నీ గెలిచింది. అంతా చేస్తే చేతికొచ్చింది ప్లేఆఫ్ ఆడే హక్కు మాత్రమే.

నవంబరు ప్లేఆఫ్‌లో 21 జట్లను మూడేసి చొప్పున ఏడు గ్రూపులు చేశారు. ప్రతి గ్రూపులో మొదటి జట్టుకే 2026 క్వాలిఫయర్స్‌లో (జోన్లకు పై అంచె) చోటు. మిగతా రెండూ తమ తమ జోన్ గ్రూప్-1కి పోవాల్సిందే. మన గ్రూపులో నెదర్లాండ్స్ పైనుంచి వచ్చింది. ఏప్రిల్ క్వాలిఫయర్స్‌లో సొంతగడ్డ హేగ్‌లోనే బ్రిటన్ కన్నా వెనకబడి ఇక్కడ పడింది. స్లోవేనియా మనలాగే జోన్ నుంచి ఎక్కి వచ్చింది. ఒకే కోర్టు మీద ఒకరు ఉన్న చోటు కాపాడుకోవడానికి, ఇంకొకరు కొత్త చోటు కోసం ఆడుతున్నారన్నమాట. నెదర్లాండ్స్‌కి అది రెలిగేషన్ (కిందికి దిగే) ప్లేఆఫ్, మనకి ప్రమోషన్ (పైకి ఎక్కే) ప్లేఆఫ్. రెండు టైలూ ఓడాం కాబట్టి బయల్దేరిన చోటికే తిరిగొచ్చాం. ‘దిగజారాం’ అని రాసిన పత్రికలు ఆ తేడా పట్టించుకోలేదు.

ప్రశ్న: మూడు జట్ల గ్రూపులో ప్రతి జట్టూ ఒకటి గెలిచి ఒకటి ఓడితే ఎవరు పైన? (వరంగల్ పాఠకురాలు)

రెండు జట్లే సమమైతే వాటి మధ్య టై ఎవరు గెలిచారో చూస్తారు, అక్కడితో సరి. మూడూ సమమైతే ఆ పద్ధతి పనిచేయదు. అప్పుడు ముందు గెలిచిన మ్యాచ్‌ల శాతం, అదీ తేలకపోతే సెట్ల శాతం, ఆపైన గేముల శాతం చూస్తారు.

ఒక ఊహా గ్రూపు తీసుకుందాం. టైకి మూడు మ్యాచ్‌లు: రెండు సింగిల్స్, ఒక డబుల్స్. క జట్టు ఖ మీద 2-1తో గెలిచింది. ఖ జట్టు గ మీద 3-0తో గెలిచింది. గ జట్టు క మీద 2-1తో గెలిచింది. ప్రతి జట్టూ ఆరేసి మ్యాచ్‌లు ఆడింది. క గెలిచినవి మూడు (2+1), ఖ నాలుగు (1+3), గ రెండు (0+2). కాబట్టి ఖ పైన, గొడవ లేదు.

ఇప్పుడు ఒక్కటి మారుద్దాం. ఖ, గ టైలో సింగిల్స్ రెండూ అయ్యేసరికి ఖ 2-0తో టై గెలిచేసింది. ఇంకేముందిలే అని డబుల్స్‌లో బెంచీ మీదున్న ఇద్దరిని దింపి ఓడిపోయింది. ఖ లెక్క మూడుకి తగ్గింది, గ లెక్క మూడుకి పెరిగింది, క ఎలాగూ మూడే. మూడూ సమం! ఇక సెట్లు లెక్కపెట్టుకోవాలి. రెండు వరుస సెట్లలో గెలిచిన మ్యాచ్‌కీ, మూడో సెట్ దాకా లాగి గెలిచిన మ్యాచ్‌కీ విలువ వేరైపోయేది ఇక్కడే. పట్టు సడలించి ఒక సెట్ వదిలేసిన క్రీడాకారిణి మ్యాచ్ గెలిచినా జట్టును ముంచిందని రెండు రోజుల తరవాత తెలుస్తుంది.

ప్రశ్న: 2-0 అయ్యాక డబుల్స్ ఎందుకు ఆడిస్తారు? టికెట్టు కొన్నవాళ్ల కోసమా? (గుంటూరు పాఠకుడు)

గ్రూపుల్లో అయితే పైన చెప్పిన లెక్క కోసం. రెండు దేశాలే తలపడే అయిదు మ్యాచ్‌ల టైలో మాత్రం ఫలితం తేలాక మిగిలినవి నామమాత్రమే. 3-1 అయ్యాక డబుల్స్ ఎత్తేయడం మామూలే. 

ప్రశ్న: జట్టులో ఒక్క పెద్ద స్టార్ ఉంటే గట్టెక్కవచ్చు కదా? సెరెనా ఉన్న అమెరికా కూడా ఓడిందంటారు, నిజమేనా? (డాలస్ నుంచి తెలుగు పాఠకురాలు)

నిజం. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ తగిలింది దెబ్బ.

అప్పటి ఏర్పాటు ముందు తెలియాలి. కప్ 1963లో మొదలైంది. 1995లో ఫెడ్ కప్‌గా (ఇప్పటి బిల్లీ జీన్ కింగ్ కప్పే) పేరు మారాక 2019 దాకా పైన ఎనిమిది జట్ల వరల్డ్ గ్రూప్, దాని కింద ఎనిమిది జట్ల వరల్డ్ గ్రూప్-2 అన్నదే ప్రధానమైన ఏర్పాటు. ఫిబ్రవరిలో వరల్డ్ గ్రూప్ తొలి రౌండ్ ఓడిన నాలుగు జట్లూ, గ్రూప్-2లో గెలిచిన నాలుగు జట్లూ ఏప్రిల్‌లో ప్లేఆఫ్ ఆడేవి. గెలిచినవాళ్లు వచ్చే ఏడాది పైన, ఓడినవాళ్లు కింద. ఎంత పాత పేరున్న దేశమైనా ఒక్క వారాంతంలో తేలిపోయేది.

2011లో అమెరికా బెల్జియం చేతిలో ఓడి, ప్లేఆఫ్‌లో స్టుట్‌గార్ట్‌లో జర్మనీ చేతిలో 0-5తో చిత్తయింది. విలియమ్స్ అక్కచెల్లెళ్లు అప్పుడు లేరు. మరుసటి ఏడాది ఖార్కివ్‌లో ఉక్రెయిన్‌ను ఓడించి ఎక్కింది. 2014లో సెయింట్ లూయీలో ఫ్రాన్స్ చేతిలో 2-3తో ఓడి మళ్లీ దిగింది.

మీరు అడిగిన టై 2015 ఏప్రిల్‌లో బ్రిండిసిలో జరిగింది. అది ఫ్లావియా పెన్నెట్టా పుట్టిన ఊరు, కోర్టు ఎర్రమట్టిది. అయిదు మ్యాచ్‌ల టైలో ఒక్కొక్కరు రెండు సింగిల్స్ ఆడొచ్చు. సెరెనా రెండూ గెలిచింది. మిగతా రెండు సింగిల్స్ ఇటలీ ఎగరేసుకుపోయింది. 2-2 మీద చివరి డబుల్స్‌కి సెరెనా, అలిసన్ రిస్కీ దిగారు. ఎదురుగా సారా ఎర్రానీ, పెన్నెట్టా. ఇద్దరూ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్నవాళ్లే. ఇటలీ జంట 6-0, 6-3తో గెలిచింది. సెరెనా అప్పుడు సింగిల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ఒకవైపు ప్రపంచంలోనే గొప్ప సర్వ్, ఇంకోవైపు మట్టి కోర్టు మీద నెట్ దగ్గరికి ఎప్పుడు కదలాలో ఒకరికొకరు చెప్పుకోనక్కరలేని జంట. డబుల్స్‌లో రెండోదానికే విలువ.

అయిదు మ్యాచ్‌ల లెక్కలో స్టార్ ఒక్కతే రెండు పాయింట్లకు మించి తేలేదు. మూడోది నంబర్ టూ క్రీడాకారిణి అయినా తేవాలి, డబుల్స్ అయినా తేవాలి. ఇప్పటి మూడు మ్యాచ్‌ల టైలో సంగతి వేరు. స్టార్ సింగిల్స్ గెలిచి, అదే రోజు డబుల్స్ కూడా ఆడి గెలిస్తే రెండు పాయింట్లు, టై ఖతం. చిన్న దేశాలకి ఇది వరమే. అయితే వరసగా రోజూ ఇలా ఆడిస్తే మూడో రోజుకి కాళ్లు ఆడవు. పైగా నంబర్ టూల మ్యాచ్ మొదట, నంబర్ వన్‌ల మ్యాచ్ తరవాత, వెంటనే డబుల్స్. స్టార్‌కి విశ్రాంతి దొరికేది చివరి రెండింటి మధ్య కాస్సేపే.

ప్రశ్న: ఎవరు నంబర్ వన్, ఎవరు నంబర్ టూ అన్నది కెప్టెన్ ఇష్టమేనా? బలమైనదాన్ని రెండో స్థానంలో పెట్టి గెలవొచ్చుగా? (విశాఖపట్నం పాఠకుడు)

కుదరదు. ఆడించే ఇద్దరినీ ఎంచుకోవడం కెప్టెన్ పని. వాళ్లలో ఎవరు ముందు అన్నది సింగిల్స్ ర్యాంకు తేలుస్తుంది. కెప్టెన్ చేతిలో ఉన్న అసలు ఆట వేరే ఉంది. అయిదు మ్యాచ్‌ల టైలో రెండో రోజు మొదట నంబర్ వన్‌లిద్దరూ తలపడతారు. ఆ రోజు ఆట మొదలవడానికి ముందు సింగిల్స్‌లో మనిషిని మార్చుకునే వీలుంటుంది. సింగిల్స్ అయిపోయాక కొద్ది నిమిషాల్లోనే డబుల్స్ జంటనూ మార్చొచ్చు. డ్రాలో (ఎవరు ఎవరితో ఆడతారో ముందే ప్రకటించే జాబితాలో) రాసిన డబుల్స్ జంటను నమ్మకండి, చాలాసార్లు అది పేరుకే. 2-2 వస్తే అసలు జంట కనిపిస్తుంది. ఇంకో సంగతి: కెప్టెన్ కోర్టు పక్కన బెంచీ మీదే కూర్చుని, వైపులు మారేటప్పుడు సలహాలిస్తాడు. బెంచీ మీద మనిషి మారితే ఆటలో మార్పు కనబడే టైలు లేకపోలేదు.

ప్రశ్న: మట్టి కోర్టా, హార్డ్ కోర్టా ఎవరు నిర్ణయిస్తారు? (తిరుపతి పాఠకురాలు)

ఆతిథ్యం ఇచ్చేవాళ్లు. రెండు దేశాల టై అయితే పోయినసారి ఎవరింట్లో ఆడారో చూసి ఈసారి రెండోవాళ్లకి అవకాశం ఇస్తారు. ఇదివరకు తలపడకపోతే చీటీ తీస్తారు. ఆతిథ్య దేశం తన బలం కన్నా ఎదుటి జట్టు బలహీనత చూసి కోర్టు ఎంచుకోవడం ఎక్కువ. పొరపాటు జరిగేదీ అక్కడే: ఎదుటివాళ్ల నంబర్ వన్ కోసం కోర్టు నెమ్మది చేస్తారు, తీరా తమ నంబర్ టూకి ఆ కోర్టు మీద ఆడటం రాదు.

ప్రశ్న: జోన్ గ్రూప్-1 నుంచి కూడా దిగుతారా? (హైదరాబాద్ పాఠకుడు)

దిగుతారు. జట్లు రెండు పూల్స్‌లో ఆడిన ఏడాదుల్లో రెండు పూల్స్‌లోనూ అట్టడుగున ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు రెలిగేషన్ ప్లేఆఫ్ ఆడేవారు, ఓడిన జట్టు గ్రూప్-2కి. ఇప్పుడు ఒకే పూల్ కాబట్టి ప్లేఆఫ్ లేకుండా చివరి రెండు స్థానాలూ దిగిపోతాయి. మన జట్టూ గ్రూప్-2 చూసిందే. 2015 ఏప్రిల్‌లో ఆ గ్రూప్-2 పోటీలు మీ ఊళ్లోనే జరిగాయి. సానియా మీర్జా డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయిన రోజుల్లోనే ఆ జట్టును నడిపించింది. చివరి టైలో ఫిలిప్పీన్స్‌ను 2-1తో ఓడించి గ్రూప్-1కి తిరిగి ఎక్కారు.

ప్రశ్న: ఒకసారి దిగితే మళ్లీ పైకి రావడానికి ఎన్నేళ్లు పడుతుంది? (కరీంనగర్ పాఠకురాలు)

నంబర్ టూ ఎవరన్నదాన్ని బట్టి. 2015 నవంబరులో రష్యా ఫైనల్ ఆడి ప్రాగ్‌లో చెక్ చేతిలో 2-3తో ఓడింది. 2016 ఫిబ్రవరిలో మాస్కోలో నెదర్లాండ్స్ వచ్చి ఓడించింది. రిషెల్ హోగెన్‌కాంప్ స్వెత్లానా కుజ్నెత్సోవాను 7-6, 5-7, 10-8తో నాలుగు గంటల్లో ఓడించిన మ్యాచ్ అదే. అప్పట్లో మూడో సెట్‌లో టైబ్రేక్ ఉండేది కాదు, ఇప్పుడుంది. రెండు నెలల తరవాత అదే మాస్కోలో ప్లేఆఫ్. బెలారుస్ 3-2తో గెలిచింది, రష్యా కిందికి దిగింది. ఫైనల్ నుంచి రెలిగేషన్‌కి పట్టింది అయిదు నెలలు.

ఎక్కడం కూడా అంత వేగంగా జరగొచ్చు. అదే వారాంతంలో అమెరికా బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియాను 4-0తో ఓడించి వరల్డ్ గ్రూప్‌కి తిరిగొచ్చింది. 2017 నవంబరులో మిన్‌స్క్‌లో ఫైనల్ ఆడిన రెండు జట్లూ ఇవే, అమెరికా, బెలారుస్. 2-2 దాకా వచ్చి డబుల్స్ మీద తేలింది. కోకో వాండెవే తన సింగిల్స్ రెండూ గెలిచి, షెల్బీ రోజర్స్‌తో కలిసి ఆ డబుల్స్ కూడా గెలిచింది. బ్రిండిసిలో సెరెనాకి దొరకని మూడో పాయింటు అది.