కోడలి ముత్తాత గ్రీన్‌వుడ్ ఎలా అయ్యాడు?

ప్రశ్న: మా కోడలు అమెరికా అమ్మాయి, ఇంటిపేరు గ్రీన్‌వుడ్. వాళ్ల ముత్తాతది కెనడాలోని క్యుబెక్‌లో వ్యవసాయం చేసుకునే ఫ్రెంచి కుటుంబమట, అక్కడి నుంచి మసాచుసెట్స్‌లోని లోవెల్ బట్టల మిల్లులో పనికి వచ్చాడట. మనవరాలికి వంశవృక్షం రాసిస్తానని మాటిచ్చాను. మా వైపు తెనాలి దగ్గర ఉండే మా బావగారిని అడిగి ఏడు తరాలు రాసేశాను. వాళ్ల వైపు ముత్తాత దగ్గరే ఆగిపోయింది. ఎంత వెతికినా కెనడాలో దొరికే గ్రీన్‌వుడ్‌లందరూ ఇంగ్లీషువాళ్లే! ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: దొరకరండీ, ఆయన అక్కడ గ్రీన్‌వుడ్ అయివుండకపోవచ్చు. 1840 నుంచి 1930 లోపు దాదాపు 9 లక్షల మంది ఫ్రెంచి కెనడియన్లు అమెరికాకు వలస వచ్చారు. వాళ్లలో చాలామంది ఇంటిపేర్లు అక్కడ ఇంగ్లీషులోకి మారిపోయాయి. లెబ్లాం వైట్ అయ్యాడు, రువా కింగ్ అయ్యాడు, బ్వావేర్ (Boisvert) గ్రీన్‌వుడ్ అయ్యాడు (బ్వా అంటే అడవి, వేర్ అంటే పచ్చ). అందుకని ముందు కెనడా వదిలేసి లోవెల్‌లోని ఫ్రెంచి చర్చి రిజిస్టర్లు చూడండి, మిల్లులో గ్రీన్‌వుడ్ అని రాసుకున్నవాణ్ని కూడా ఫ్రెంచి పాదిరీ బ్వావేర్ అనే రాసే అవకాశం ఎక్కువ. ఇంకో తిరకాసు ఏంటంటే, క్యుబెక్‌లో ఒకే కుటుంబానికి రెండు పేర్లుండేవి, మన దస్తావేజుల్లో 'ఉరఫ్' రాసినట్టు మధ్యలో 'దీ' (dit) అని పెట్టేవాళ్లు. ఒక తరంలో మొదటి పేరు, తర్వాతి తరంలో రెండోది, కాబట్టి రెండూ వెతకాలి.

క్యుబెక్‌లోకి వెళ్లాక పుట్టుక కాదు, పెళ్లి వెతకండి. బాప్తిస్మంలో దాదాపు మగపిల్లలందరికీ ముందు 'జోసెఫ్', ఆడపిల్లలందరికీ 'మరీ' (మేరీ) అని తగిలించేవాళ్లు, ఇక ఎవరు ఎవరో తేల్చడం ఎవరి వల్ల అవుతుంది? పెళ్లి నమోదులో మాత్రం వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లు, అదీ తల్లుల పుట్టింటి ఇంటిపేర్లతో సహా ఉంటాయి. అంటే ఒక్క పెళ్లి దొరికితే ఒక తరం పైకి వెళ్లినట్టే, ఆ తల్లిదండ్రుల పెళ్లి వెతికితే ఇంకో తరం. మనకు ఈ అదృష్టం లేదు, మా నాయనమ్మ పుట్టింటి పేరు ఏ కాగితంలోనూ లేదు, మా మేనత్త చెబితేనే తెలిసింది.

ఇంకో తమాషా. మనం మేనరికం అంటే మురిసిపోతాం, అక్కడ దగ్గరి చుట్టాలైతే చర్చి ప్రత్యేక అనుమతి కావాలి, ఆ సంగతి పెళ్లి నమోదులోనే రాస్తారు. 'మూడో డిగ్రీ' అని కనిపిస్తే ఇద్దరికీ ఒక ముత్తాతో ముత్తవ్వో ఉమ్మడి అన్నమాట, మీ చెట్టులో రెండు కొమ్మలు ఒకచోట కలుస్తాయి.

ఈ రిజిస్టర్ల ఫోటోలు ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్లో ఉచితం. 1871-1890 మధ్య తాంగే అనే పాదిరీ 7 సంపుటాల్లో వేసిన వంశావళి నిఘంటువు కూడా ఉంది, కానీ అందులో తప్పులున్నాయి, అసలు రిజిస్టర్‌తో సరిచూసుకోకుండా రాసుకోవద్దు.

వ్యవసాయం సంగతి నోటరీ కాగితాల్లో దొరుకుతుంది. సెయింట్ లారెన్స్ నది ఒడ్డున మొదలై లోపలికి పోయే సన్నని పొడుగాటి కమతాలు, వాటి అమ్మకాలు, పంపకాలు. ఇంటిపెద్ద పోయాక తీసే జాబితాలోనైతే ఆవులు, నాగళ్లు, వంటగిన్నెలు, చిల్లుపడ్డ దుప్పటితో సహా లెక్కే! చాలావరకు క్యుబెక్ రాష్ట్ర ఆర్కైవ్స్ సైట్లో ఉచితంగా చూడొచ్చు.

చదవడానికి మొత్తం ఫ్రెంచి రానక్కర్లేదు, కొన్ని మాటలు చాలు, మిగతాది కోడలు సాయం చేస్తుంది. 'కుల్తివతర్' (cultivateur) అంటే రైతు. 'ఫిస్' (fils) కొడుకు, 'ఫీయ్' (fille) కూతురు. తండ్రి పేరుకు ముందు 'ఫ' (feu) అని ఉంటే మన 'కీర్తిశేషులు' అన్నమాట, ఆయన చావు నమోదు ఆ పెళ్లి తేదీకి ముందే వెతకండి.