బిస్మత్ కరిగించే ముందు

విశాఖపట్నం

చిరంజీవి సుధీర్‌కు, మామయ్య ఆశీస్సులు.

సైన్స్ ఫెయిర్‌కి బిస్మత్ స్ఫటికాలు తీస్తానన్నావు. కొన్న ముద్ద బిస్మతో సీసమో ముందు తేల్చుకో. ఆవర్తన పట్టికలో రెండూ పక్కపక్క గళ్లే: 82 సీసం, 83 బిస్మత్. 1753లో క్లాడ్ జియోఫ్రాయ్ వేరని చూపేదాకా రెంటినీ కలగలిపేసేవారు. వంద గ్రాముల ముక్క కొలజాడీలో వేస్తే బిస్మత్‌కి నీళ్లు 10.2 మి.లీ. పైకొస్తాయి, సీసానికి 8.8. సుత్తితో కొడితే సీసం చదునవుతుంది, బిస్మత్ పటుక్కున పగులుతుంది. ఈ పెళుసుతనం 15వ గ్రూపులో దాని పైగడిలో ఉన్న ఆంటిమొనీ పోలిక. అలాగని చార్టులో అర్ధలోహమని రాయకు, లోహాల్లోనే పెట్టు.

కిలో లోహం, ఆరు సెంటీమీటర్ల వెడల్పున్న స్టీలు గిన్నెలు రెండు చాలు. పూర్ణా మార్కెట్‌లో దొరుకుతాయి. ఆ తర్వాత అవి వంటకి పనికిరావు. మన ఊరి గాలిలో చెమ్మ ఎక్కువ కదా, రెండు గిన్నెలూ, గరిటె కూడా ముందే వేడిచేసి ఆరబెట్టు. అడుగున నీటిబొట్టున్నా ఆవిరై, కరిగిన లోహం మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, తోలు గ్లవుజులు తప్పనిసరి.

271 డిగ్రీలకే కరుగుతుంది. పైన తేలే తెట్టు గరిటెతో తీసేసి, స్టవ్ కట్టేసి, గిన్నెను పొడి ఇటుక మీద పెట్టు. బాల్కనీలో వద్దు, సముద్రపు గాలికి ఒక పక్కే ముందు గడ్డకట్టేస్తుంది. అసలు నేర్పంతా వంచే వేళలోనే ఉంది. పైభాగం సగం గట్టిపడగానే మిగతా ద్రవాన్ని రెండో గిన్నెలోకి వంచెయ్. తొందరపడితే పలచటి పొర తప్ప ఏమీ మిగలదు, ఆలస్యమైతే మొత్తం ఒకటే ముద్ద. వంచిన లోహం గాజులోగానీ పింగాణీలోగానీ పొయ్యకు. గడ్డకట్టేటప్పుడు మంచులా ఇదీ 3 శాతం దాకా ఉబ్బుతుంది, పాత్ర పగిలిపోతుంది.

రంగులు లోహానివి కావు. వేడిగా ఉండగా గాలి తగిలి ఏర్పడే ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి పసుపు, ఊదా, నీలం కనిపిస్తాయి. అందుకే వంచిన వెంటనే నీళ్లలో ముంచకు.

రేడియోధార్మికత గురించి ఎవరో ఒకరు అడుగుతారు. పాత పుస్తకాల్లో బిస్మత్ 209 (ప్రకృతిలో దొరికే బిస్మత్ రకం) స్థిరమని ఉంటుంది. 2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు అది క్షీణిస్తుందని కనిపెట్టారు. అర్ధాయువు, అంటే సగం క్షీణించడానికి పట్టే కాలం, విశ్వం వయసుకి వంద కోట్ల రెట్లు పైనే, చేత్తో పట్టుకోవడానికి భయమేమీ లేదు. కింద పడితే మాత్రం ముక్కలవుతుంది, పిల్లలకి దూదిలో పెట్టి చూపించు.

ఇట్లు,
మామయ్య