తక్‌పట్టీ లేని బేరం

కర్నూలు,
ఆదివారం.

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం, నవల కట్ట బుధవారం చేరాయి. నవల గురించి తీరిగ్గా రాద్దామనుకున్నాను గానీ ఉత్తరంలో ఉన్న సంగతి ఆగేది కాదు. ఎవరో ఫోను చేసి తాను లిటరరీ ఏజెంటునన్నాడు, నీ నవలను ఢిల్లీ ప్రచురణకర్తల చేతికి అందిస్తానన్నాడు, ముందుగా నమోదు రుసుము 60,000 రూపాయలు నెలాఖరులోగా కట్టమన్నాడు. నువ్వు గాజులు తాకట్టు పెట్టే ఆలోచనలో ఉన్నావు. కట్టవద్దు. గాజులు చేతికే ఉండనీ.

మీ నాన్న ముప్పై ఏళ్లుగా ఆదోని యార్డుకు పత్తి తోలుతున్నారని నువ్వే రాశావు. ఆయన్ని అడుగు. ‘ముందు నా కమీషన్ ఇక్కడ పెట్టు, నీ పత్తి సంగతి తర్వాత చూద్దాం’ అన్న కమీషన్ ఏజెంటు ఎక్కడైనా ఉన్నాడా? సరుకు అమ్ముడుపోవాలి, కాటా కావాలి, తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రాయాలి. కమీషన్ ఇంత, హమాలీ ఇంత అని అందులో కోసుకుని మిగిలింది చేతిలో పెడతారు. పుస్తకాల ఏజెంటుదీ అదే ధర్మం. లండన్‌లో 19వ శతాబ్దం చివర ఏ.పి. వాట్ అనే ఆయన ఈ వృత్తి మొదలుపెట్టినప్పుడు రచయితకు వచ్చినదాంట్లో 10 శాతం తీసుకునేవాడు. ఇప్పుడు మామూలుగా 15, విదేశీ హక్కులకు 20. అక్కడ ఇంకో ఏజెంటుకు కూడా పంచాలి కాబట్టి. చదివినందుకు ఇంత, నమోదుకు ఇంత అని ముందే వసూలు చేసుకునేవాడికి నీ పుస్తకం అమ్ముడుపోవలసిన అవసరమే లేదు. అతని సరుకు నువ్వే.

అసలైన ఏజెంటు ఏమి చేస్తాడని అడిగావు. నీ రాతప్రతిని నీకంటే కఠినంగా చదువుతాడు. ఏ ప్రచురణ సంస్థలో ఏ సంపాదకుడికి ఎలాంటి కథ రుచిస్తుందో అతనికి తెలుసు, అక్కడికే పంపుతాడు. ఇద్దరు ముగ్గురు ప్రచురణకర్తలు అదే పుస్తకం కావాలంటే వేలం పెడతాడు. ఒప్పందంలో ప్రతి వాక్యం మీదా పేచీ పెడతాడు. అచ్చు హక్కు వేరు, అనువాదం వేరు, ఆడియో వేరు, సినిమా వేరు అని విడగొట్టి దేని ధర దానికి రాబడతాడు. ఆ తర్వాత ఏటా రాయల్టీ లెక్క తెప్పిస్తాడు. ఆ లెక్కే మన తక్‌పట్టీ.

మరి తెలుగులో ఆ వృత్తి చేసుకుని బతికేవాళ్లు ఎందుకు కనబడరు? కాగితం తీసి లెక్క వేసి చూడు. 200 రూపాయల నవల, 500 ప్రతులు, అన్నీ అమ్ముడుపోయాయనే అనుకుందాం. 10 శాతం రాయల్టీ అంటే నీకు 10,000. అందులో ఏజెంటు వాటా 1,500. ఏడాది పాటు నీ నవలను మోసినవాడికి కర్నూలు నుంచి విజయవాడకు ఒకటి రెండుసార్లు తిరిగితే బస్సు ఛార్జీలకే సరి. పైగా మన దగ్గర చాలామంది రచయితలు అచ్చు ఖర్చు తామే పెట్టుకుంటారు. రాయల్టీయే లేని చోట కమీషన్ ఎక్కడిది? కమీషన్ అడగని ఏజెంటు నాకు తెలిసి ఒక్కడే, కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి రాతప్రతులు పరిష్కరింపజేసిన బ్రౌన్ దొర. ఆయన పుణ్యమా అని 1829లో వేమన పద్యాలు అచ్చెక్కాయి. వేమన ఎవరికీ ఉత్తరం రాయలేదు, నిజమే; కానీ అన్ని వందల ఏళ్లు ఆగే ఓపిక నీకు ఉన్నట్టు కనబడదు.

కాబట్టి తెలుగులో ఏజెంటు పని నువ్వే నేర్చుకోవాలి. నేను నేర్చుకోక ఏమైందో చెబుతాను.

2003లో నా కథల సంపుటి వేస్తామని ఒక ప్రచురణకర్త వచ్చారు. అచ్చు ఖర్చు వాళ్లదే అనగానే కళ్లు మూసుకుని సంతకం పెట్టాను. కాగితం మీద ఉన్నవి నాలుగు వాక్యాలు, అందులో ఒకటి ‘సర్వహక్కులు ప్రచురణకర్తవే’. కొన్నాళ్లకు బళ్ళారి బస్టాండులో టీ తాగుతూ పక్కన కొట్లో వేలాడుతున్న కన్నడ పత్రిక తిరగేస్తే నా కథ. కన్నడం కూడబలుక్కుని చదవగలను. పాత్రల పేర్లు కూడా మార్చలేదు. నా పేరు చివర్లో, చీమంత అక్షరాల్లో. ఆ డబ్బు ఎవరికి వెళ్లిందో ఈనాటికీ తెలియదు. టీ మాత్రం చల్లారిపోయింది.

చాలా ఏళ్ల తర్వాత ఒక ప్లీడరు మిత్రుడు 1957 కాపీరైటు చట్టంలో 19వ సెక్షన్ తీసి చూపించాడు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఏ హక్కులో, ఎంతకాలమో, ఏ ప్రాంతానికో చెప్పాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, కాగితంలో వేరే మాట లేనంతవరకు, అది చెల్లిపోతుంది. నేను భయపడి చేతులు ముడుచుకుని కూర్చున్న రోజుల్లో చట్టం నా పక్కనే నిలబడి ఉంది, నేనే తలతిప్పి చూడలేదు. నువ్వు సంతకం పెట్టే కాగితంలో ‘సర్వహక్కులు’ అన్న మాట కనబడితే కొట్టేసి ‘తెలుగు ముద్రణ హక్కు, మూడేళ్లు’ అని రాయి. వాళ్లు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ.

అనువాద హక్కు మాత్రం తెలుగు ప్రచురణకర్తకు ఇవ్వవద్దు. తెలుగు రచయితకు అసలైన ఏజెంటు తగిలే దారి అదే. 2025లో కన్నడ కథలకు అంతర్జాతీయ బుకర్ వచ్చింది కదా, బాను ముష్తాక్ గారికి. హాసన్ ఆవిడది, మనకు పొరుగు రాష్ట్రమే. 50,000 పౌండ్ల బహుమతిని ఆవిడా, అనువాదకురాలు దీపా భాస్తీ గారూ సమానంగా పంచుకున్నారు. అనువాదకులంటే ఏమిటో ఆ పంపకమే చెబుతుంది. ముందు మంచి అనువాదకులను వెతుక్కో. రెండు అధ్యాయాలు ఇంగ్లీషులోకి వచ్చాక ఢిల్లీలోనో, జైపూర్‌లోనో ఉన్న ఏజెంటుకు ఒక్క పేజీ ఉత్తరం, కథాసారం, మొదటి అధ్యాయాలు పంపు. కథాసారంలో ముగింపు దాచవద్దు. ‘మిగతాది నవలలో చదవండి’ అని ఊరిస్తే పక్కన పెట్టేస్తారు. ఆ మనిషి సినిమాకు రాలేదు, సరుకు చూడడానికి వచ్చాడు. జవాబు రాకపోవడమే చాలాసార్లు జవాబు. అది మనసుకు తీసుకోకు, ఇంకొకరికి పంపు.

ఇక ఆ మొదటి అధ్యాయాల సంగతి. నవల మొదటి పదకొండు పేజీలూ ఆదోని కొండలు, కోట, సూర్యోదయం. బాగానే రాశావు, కానీ సూర్యుడు నువ్వు లేకపోయినా ఉదయిస్తాడు. పద్నాలుగో పేజీలో తండ్రి వ్యాపారి ముందు నిలబడతాడు. వ్యాపారి గుప్పెడు పత్తి పీకి, రెండు వేళ్ల మధ్య పోగులా సాగదీసి, తెగిన చోట చూసి, ఏమీ అనకుండా మిగతాది కింద పారేస్తాడు. తండ్రి వంగి ఆ పీకిన పత్తి ఏరుకుని మళ్లీ మూటలో కుక్కుతాడు. అక్కడ చదవడం ఆపి లేచి కాసేపు వరండాలో తిరిగాను. నీ నవల అక్కడ మొదలవుతుంది. ముందున్న పదమూడు పేజీలు తీసెయ్. కోట మీద ప్రేమ చావకపోతే ఎక్కడో ఒక్క వాక్యంలో పెట్టుకో.

ఇంకొకటి. పెద్దక్క పెళ్లి ఘట్టంలో అందరూ ఒకే రకంగా మాట్లాడుతున్నారు, అవ్వ కూడా తెలుగు వాచకంలో పాఠంలా మాట్లాడుతోంది. ఆ నలభై పేజీలు పైకి చదువు, వంటింట్లో మీ అమ్మకు వినిపించేలా. ఆవిడ ఎక్కడ నవ్వితే అక్కడ గీత పెట్టుకో.

పెన్సిలుతో దిద్దిన ప్రతిని రేపు స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. 212వ పేజీలో ఎర్రటి గుర్తు చూసి కంగారు పడకు. తేమ 14 శాతం ఉన్న పత్తిని సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రంలో కొన్నారని రాశావు. 8 దాటితే ధర కోస్తారు, 12 దాటితే అసలు తీసుకోరు. ఆ రోజు తండ్రి పత్తి ఎవరికి, ఎంతకు అమ్మాడో నాన్నగారిని కనుక్కుని ఆ ఘట్టం మళ్లీ రాసి పంపు.

ఇట్లు,
మీ మాస్టారు